కలిసి చూచిన వేడుక

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక ఇంటికి కష్టము వచ్చినప్పుడు ఊరు కదలి వచ్చును. జబ్బుపడినవానికి బండి కట్టువారును, ఆసుపత్రిలో రాత్రులు మేలుకొనువారును, పోయినవాని ముంగిట తెల్లవారువరకు కూర్చుండువారును తెలుగు గ్రామములలో నేటికిని కలరు. ఇది గొప్ప గుణము. దీనిని తక్కువచేసి పలుకుటకు ఎవ్వరికిని నోరు రాదు. కాని అదే ఇంటిలో ఒక మంచి జరిగినప్పుడు ఆ మంచిని నలుగురు కలిసి అనుభవించు నేర్పు ఏపాటి కలదు? పంట పండినది, ధర పలికినది. ఆ సాయంకాలము భార్యాభర్తలు అరుగుమీద కూర్చుండి ఆ మాటనే ఒక అరగంట చెప్పుకొందురా? లేక లెక్కల పుస్తకము తీసి, తీరిన అప్పు పోగా మిగిలిన అప్పెంత అని చూచుకొని, దీపమార్పి పండుకొందురా?

కష్టములో తోడుండుట బంధువుల ధర్మమని అందరెరుగుదురు. సుఖములో తోడుండుటయు ధర్మమే యనియు, అది కూడ నేర్వవలసిన విద్యయే యనియు ఎరిగినవారు తక్కువ. ఈ ఉపన్యాసమునకు ఇదియే విషయము. దీనికి దృష్టాంతమును ఖండాంతరములనుండి తేనక్కరలేదు. హైదరాబాదు నగరమున నాంపల్లి, ఆబిడ్స్ అను రెండు పేటలలో అది కన్నులకు కట్టినట్లు కనుపించును.

జనవరి నెల మొదటి దినమున నాంపల్లిలో ఎగ్జిబిషన్ మైదానపు ద్వారములు తెరచుకొనును. అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనమని దానికి పెద్ద పేరు. జనుల నోట నుమాయిష్ అని చిన్న పేరు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు పట్టభద్రులు కొందరు, రాష్ట్రపు ఆర్థిక స్థితిగతులను పరిశీలించు కార్యమునకు ధనము కూర్పనెంచి దీనిని తలపెట్టిరి. 'నుమాయిష్ మస్నూఆతె ముల్కీ' అని పేరిడిరి. స్వదేశమున తయారైన వస్తువుల ప్రదర్శనమని దాని అర్థము. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దానిని ప్రారంభించెను. అప్పుడది పబ్లిక్ గార్డెన్సులో, పది దినముల వేడుకగా జరిగినది. స్థలము చాలక 1946లో నేటి మైదానమునకు మారినది. 1947, 1948 సంవత్సరముల కల్లోలములో జరుగలేదు. 1949లో నాటి గవర్నరు జనరల్ చక్రవర్తి రాజగోపాలాచారి ప్రారంభింపగా మరల సాగినది. నేడు జనవరి 1 మొదలు ఫిబ్రవరి 15 వరకు 46 దినములు జరుగుట వాడుక. దాని ఆదాయముతో ప్రదర్శన సంఘమువారు కళాశాలలు నడుపుచున్నారు. నాంపల్లిలోని సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము అట్టివానిలో ఒకటి.

ఇదంతయు ప్రదర్శనపు చరిత్ర. కాని హైదరాబాదులో ఏ ముసలివానినైనను నుమాయిష్ గూర్చి అడిగిచూడుడు. ఆర్థిక పరిశీలనమును గూర్చి ఒక్క మాటయు చెప్పడు. చిన్ననాడు తండ్రి భుజముమీద కూర్చుండి చూచిన దీపముల వరుసను గూర్చి చెప్పును. పెండ్లియైన మొదటి సంవత్సరము భార్యతో కలిసి తిన్న మిరపకాయ బజ్జీని గూర్చి చెప్పును. కొన్న వస్తువు ఏదో అతనికి గుర్తుండదు. ప్రక్కన ఎవరున్నారో గుర్తుండును.

తాండూరు వైపునుండియో వికారాబాదు వైపునుండియో వచ్చిన ఒక కుటుంబమును ఊహించుకొనుడు. రైలు నాంపల్లిలో ఆగును. 1907లో కట్టిన ఆ స్టేషనుకు పలకమీద హైదరాబాదు దక్కన్ అని వ్రాసియున్నను జనులకది నాంపల్లి స్టేషనే. అచటినుండి మైదానమునకు నడచి పోవచ్చును. భర్త ముందు నడచును. అతని తల్లి ఆ వెనుక. నడుమ ఇద్దరు పిల్లలు. అందరికంటె వెనుక భార్య, ఆమె చేత సద్దిమూట. మామగారు పశువులను చూచుకొనుటకు ఊరిలోనే నిలిచినాడు. ఇంటివద్ద వీరందరును ఒకే కప్పు క్రింద నుండువారే. అయినను ఆ ఇంటి మాటలను ఒక దినము పూర్తిగా వ్రాసి చూచినచో ఏముండును? పాలు పితికిరా, ఎరువు వచ్చెనా, ఫీజు కట్టవలెను, కరెంటు ఎప్పుడు వచ్చును, మందు వేసుకొంటివా. అన్నియు అవసరమైన మాటలే; ఒక్కటియు తప్పుమాట కాదు. కాని అవసరపు మాటలతోనే సంవత్సరములు గడచిన ఇంటిలో మనుష్యులు ఒకరికొకరు పనిముట్లవలె నగుదురు. నాగలిమీద కోపముండదు, ప్రేమయు నుండదు. అది పనిచేసినచో చాలును.

మైదానములో అడుగిడిన అరగంటకు ఆ నడక వరుస చెదరిపోవును. "బాపూ, గటు జూడు!" అని పిల్లవాడు చొక్కా పట్టి లాగును. కోడలు గాజుల అంగడివద్ద ఆగి, అత్త చేయి అందుకొని, పచ్చగాజులు ఆమె మణికట్టుకు పెట్టి చూచును. "నాకెందుకే బిడ్డా, గీ వయసుల?" అని ఆమె యనును గాని చేయి వెనుకకు తీసికొనదు. ఆ గాజుల వెల స్వల్పమే. కాని ఆ అత్తాకోడండ్రకు అన్నము, పాలు, కట్టెలు కాక చెప్పుకొనుటకు వేరొక మాట దొరకినది. మరుసటి సంక్రాంతి వరకు ఆ మాట చెల్లును.

మోటారుసైకిలు బావివద్దకు పోయిచూడుడు. చెక్కల గోడమీద ఒక సాహసి గిరగిర తిరుగుచుండ, పైనుండి వంగి చూచువారు తెలియకయే ప్రక్కవారి చేయి గట్టిగా పట్టుకొందురు. బయట నలుగురిలో భార్య చేయి పట్టుటకు సిగ్గుపడు రైతు అచ్చట పట్టుకొనును. క్రిందికి దిగి వచ్చిన పిమ్మట ఇద్దరును నవ్వుకొందురు. ఆ నవ్వునకు పెద్ద కారణ మేమియు లేదు. ఇద్దరును ఒకే దానికి భయపడిరి, ఒకే దానికి తేరుకొనిరి, అంతమాత్రమే.

ఈ అంతమాత్రమును గూర్చియే శాస్త్రజ్ఞులు ఇటీవల పరిశోధనలు చేసిరి. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయమున ఎరికా బూత్‌బీ, మార్గరెట్ క్లార్క్, జాన్ బార్గ్ అనువారు 2014లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. విద్యార్థులకు చాక్లెట్టు ఇచ్చి రుచి చూడుమనిరి. ఒకప్పుడు ప్రక్కనున్న మనిషియు అదే సమయమున అదే చాక్లెట్టు తినును. మరొకప్పుడు ఆ మనిషి వేరొక పనిలో నుండును. ఇద్దరును మాటలాడుకొనరాదు. తినునది అదే చాక్లెట్టయినను, ప్రక్కవాడు కూడ తినుచున్నప్పుడు అది ఎక్కువ రుచిగా నున్నదని చెప్పిరి. ఒక్క మాట లేకుండగనే, ఒక్క చూపైనను కలియకుండగనే, తోడు వలన రుచి పెరిగినది! పంక్తిభోజనములో కూర్చుండినవారికి ఈ సంగతి కొత్త కాదు. అయినను ఎరిగిన సంగతిని కొలిచి చూపినప్పుడు దాని విలువ హెచ్చును.

ఆ పరిశోధనలో రెండవ భాగము కూడ కలదు, దానిని మరువరాదు. చేదు చాక్లెట్టు ఇచ్చినప్పుడు, కలిసి తిన్నవారికి ఆ చేదు మరింత చేదుగా తోచినది. అనగా తోడు అనునది మంచిని మాత్రమే పెంచునది కాదు. దేనిని కలిసి అనుభవించినను దానిని పెంచును. ఆ పరిశోధకులే మరి రెండు సంవత్సరములకు ఇంకొక సంగతి చూపిరి: ప్రక్కనున్నవాడు మనసునకు దూరమైనవాడైనచో ఈ పెంపు కనబడలేదు. ఊరు పేరు తెలియని మనిషి ప్రక్కన కూర్చుండుట వేరు, తనవాడు కూర్చుండుట వేరు.

నుమాయిష్ లోనే ఈ రెండవ భాగమును కూడ చూడవచ్చును. ఒక తండ్రి ద్వారము దాటిన క్షణమునుండి గడియారము చూచుకొనుచుండును. ప్రతి అంగడివద్ద "చాలు, నడువుండి" అనును. పిల్ల పీచుమిఠాయి అడిగినచో దాని వెల చెప్పి, ఆ వెలకు ఇంటివద్ద ఎంత చక్కెర వచ్చునో లెక్కవేసి చెప్పును. లెక్క సరియైనదే. చివరకు కొనియును ఇచ్చును. కాని ఆ పిల్ల నోటిలో ఆ మిఠాయి ఎట్లుండునో ఆయనకు తెలియదు. సొమ్మును పోయినది, సంతోషమును పోయినది. ఇంతకంటె దుబారా వ్యయము వేరొకటి లేదు. మరికొందరు ఆధునికులు చేతిలోని ఫోనుకు వేడుకను చూపుచుందురు గాని తాము చూడరు. ప్రక్కనున్నవారితో అసలే చూడరు. ఒక ఛాయాచిత్రము తీసికొనుట తప్పు గాదు. నలుగురు నాలుగు ఫోనులలోనికి తలలు వంచి నడచుటను మాత్రము కలిసి వచ్చుట అనుటకు వీలులేదు.

స్త్రీలకు మాత్రమే ప్రవేశముండు దినమొకటి నుమాయిష్ లో ఏర్పరచు ఆచారము చిరకాలముగ కలదు. ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలకు ఆ దినము గొప్ప వరము. నేడు ఘోషా లేనివారును ఆ దినమున వచ్చుచున్నారు. తల్లులు, కూతుండ్రు, తోడికోడండ్రు, వదినామరదండ్రు తొందర లేక తిరుగుదురు. గడియారము చూచు తండ్రులు ఆ దినమున లోపలికి రారు గదా! బతుకమ్మ ఆడు స్త్రీలకు ఈ సంగతి మొదటినుండియు తెలియును. చేతులు చరచుచు ఒకే వలయములో తిరుగునప్పుడు నిన్నటి మాటపట్టింపు ఏ అడుగువద్ద జారిపోవునో ఎవరికిని తెలియదు.

"సంతోషమునకు సొమ్ము కావలెను గదా" అని పేదవారు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. కూలి దొరకని దినమున వేడుకలను గూర్చి ఉపన్యసించుట క్రూరమే యగును. కాని నాంపల్లి, ఆబిడ్స్ వీధులలోని ఇరానీ హోటళ్లలో జరుగు ఒక చిన్న సంగతిని చూడుడు. ఇద్దరు స్నేహితులు వచ్చి 'వన్ బై టూ' అందురు. ఒక చాయ రెండు కప్పులలోనికి వచ్చును. ఒక్కొక్కరికి వచ్చునది నాలుగు గుక్కలు. ఆ నాలుగు గుక్కలమీద వారు ముప్పావుగంట కూర్చుందురు. ఒంటరిగా వచ్చి నిండు కప్పు తీసికొన్నవాడు ఐదు నిమిషములలో లేచి పోవును. ఎవరు ఎక్కువ త్రాగిరి?

ఇప్పుడు ఇంటిలోనికి వత్తము. కలిసి వేడుక చూచుట సంవత్సరమున కొకమారు జరుగవచ్చును. ఒకరి శుభవార్తను మరొకరు వినుట మాత్రము ప్రతిదినము జరుగును. అసలు పరీక్ష అచ్చటనే యున్నది. పిల్లవాడు బడినుండి పరుగెత్తి వచ్చి, లెక్కలలో నూటికి డెబ్బది మార్కులు వచ్చినవని చెప్పినాడు. తండ్రి ఏమనవచ్చును? "మిగిలిన ముప్పది ఏమైనవిరా?" అనవచ్చును. ఎక్కువ ఇండ్లలో ఇదే మాట. లేక తల ఎత్తకుండ "మంచిది" అనవచ్చును. లేక "ఆవుకు నీళ్లు పెట్టితివా?" అని వేరు మాట ఎత్తవచ్చును. లేక చేతిలో పని దింపి, "ఏ లెక్క వచ్చిందిరా? గా కష్టమైన లెక్క గూడ చేసినవా? మీ సారేమన్నడు?" అని అడిగి, పిల్లవానిచేత ఆ సంగతినంతయు మరల చెప్పించుకొనవచ్చును.

షెల్లీ గేబుల్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు 2004లో ప్రకటించిన వ్యాసములో శుభవార్తకు మనుష్యులిచ్చు ప్రత్యుత్తరములను ఈ నాలుగు విధములుగానే విభజించిరి. భార్యాభర్తలను, ప్రేమించుకొన్న యువతీయువకులను పరిశీలింపగా, నాలుగవ విధమున పలికినవారి బంధమే బలముగా నున్నదని తేలినది. "మంచిది" అని ముభావముగా పలికి ఊరకుండుట కూడ మేలు చేయలేదు. తిట్టలేదు గదా, కాదనలేదు గదా అని చాలమంది గృహస్థులు తృప్తిపడుచుందురు. వారికి ఈ సంగతి కొంచెము చేదుగా నుండవచ్చును. 2006లో వారే మరొక పరిశోధన చేసి, ఒకరి కష్టమును చెప్పుకొన్నప్పుడు మరొకరు పలికిన తీరుకంటె, మంచిని చెప్పుకొన్నప్పుడు పలికిన తీరునుబట్టియే వారి బంధము ఎట్లున్నదో ఎక్కువగా తెలియుచున్నదని చెప్పిరి. ఊరంతయు ఓదార్పునకు వచ్చును; సంతోషము చెప్పుకొనుటకు మాత్రము మనిషికి తనవాడే కావలెను. ఆ తనవాడు తల ఎత్తనిచో చెప్పుకొనుటకు వేరొక చోటు లేదు.

'శుభం పలకరా పెండ్లికొడుకా' అన్న సామెత అందరికి తెలిసినదే. అందులో మిగిలిన సగము సభలో పలుకదగినది కాదు, పలుకనక్కరయు లేదు. శుభము చెప్పవలసిన చోట అశుభము పలుకు మనిషిని తెలుగువారు ఏనాడో గుర్తుపట్టి సామెత కట్టిరి. అయినను ఆ పెండ్లికొడుకు ఇంటింట నున్నాడు.

దీనికి ఒక కారణము దిష్టిభయము. నవ్విన కొలది ఏడువవలసి వచ్చునని, మెచ్చిన కొలది చెడునని పెద్దలు నోరు మూసికొందురు. ఆ భయము వెనుక ప్రేమయే యున్నది. దానిని ఎగతాళి చేయరాదు. కరవులు చూచినవారు, కలరాలో పిల్లలను పోగొట్టుకొన్నవారు సంతోషమును దాచుకొనుట నేర్చిరి. పంట ఇంటికి చేరువరకు పంట కాదన్న రైతు అనుభవమును దానిలో కలదు. కాని దిష్టి తీయుటకు ఉప్పు మిరపకాయలు కలవు. తీసి పొయ్యిలో వేయవచ్చును. పిల్లవాని మొగముమీద ఆర్పివేసిన వెలుగును మరల వెలిగించుటకు ఏ దినుసును లేదు. పది సంవత్సరములు అట్లు ఆర్పిన పిమ్మట, పట్టణములో ఉద్యోగము వచ్చిన ఆ కొడుకు ఆ వార్తను మొదట స్నేహితునకు చెప్పును, తండ్రికి మూడవ దినమున తెలియును. "నాకు చెప్పలేదేమి?" అని తండ్రి నొచ్చుకొనును. చెప్పుట ఆ పిల్లవాడు ఎన్నడో మానుకొన్నాడు. ఆ మానుకొన్న దినము ఏదో తండ్రి గమనింపలేదు.

కొత్తదానిని కలిసి చేయుట గూర్చియు ఒక మాట. ఆర్థర్ ఆరన్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 2000 సంవత్సరములో ప్రకటించిన పరిశోధనను వినిన నవ్వు వచ్చును. భార్యాభర్తల చేయీ చేయీ, కాలూ కాలూ కలిపి కట్టి, పరుపులమీద ప్రాకుచు, నడుమ అడ్డమును దాటుచు పోవలయునని పందెము పెట్టిరి. మరికొన్ని జంటలకు చప్పని పని యొకటి ఇచ్చిరి. కొద్ది నిమిషముల ఆటయే. అయినను ప్రాకి వచ్చిన జంటలు తమ కాపురమును గూర్చి ముందుకంటె మెరుగుగా చెప్పిరి. ఎన్ని సంవత్సరములు కలిసి వండుకొని తిన్నను రాని ఉల్లాసము, ఒక కొత్త పని కలిసి చేసినప్పుడు వచ్చినది. నుమాయిష్ లో పెద్ద రంగులరాట్నము ఎక్కు ముసలి దంపతులను చూచి కుర్రవారు నవ్వుచుందురు. ఆ దంపతులు శాస్త్రము చదివి ఎక్కలేదు గాని, చేసినది సరియైన పనియే.

ఇంతమాత్రమున కలిసి నవ్వినచో అన్ని కాపురములు చక్కబడునని తలపరాదు. త్రాగివచ్చి భార్యను కొట్టువాడు ఆమెను నుమాయిష్ కు తీసికొనిపోయి గాజులు కొనిపెట్టినంత మాత్రమున ఏ దోషమును తీరదు. ఆమెకు గాజులకంటె ముందు రక్షణ కావలెను. అన్యాయము జరిగిన చోట న్యాయము జరుగవలసినదే. వేడుక దానికి బదులు కానేరదు. ఇచ్చట చెప్పినది, చెడుగు ఏమియు లేకయే ఎండిపోవుచున్న ఇండ్లను గూర్చి. అట్టివి ఎక్కువ.

అన్నదమ్ములు గెట్టు తగాదాతో మాటలు మానుకొన్న సంగతులు ప్రతి గ్రామములోను కలవు. కచ్చేరీ తీర్పు గెట్టును తేల్చును గాని మాటను తేల్చదు. దసరా సాయంకాలము జమ్మిచెట్టు వద్ద పాలపిట్టను చూచి, జమ్మియాకును బంగారమని చేతిలో పెట్టి, చిన్నవారు పెద్దవారికి మ్రొక్కి, సమవయస్కులు అలాయి బలాయి ఇచ్చుకొను ఆచారము తెలంగాణమున కలదు. ఆ ఒక్క సాయంకాలమున ఎదురుపడిన తమ్మునికి అన్న ఆకు ఇయ్యక తప్పదు, ఊరు చూచుచుండును. అది మొక్కుబడి యని కొందరందురు. కావచ్చును. కాని సంతోషములో నున్న మనుష్యుల నడుమ ఇచ్చిన మొక్కుబడి కూడ కచ్చేరీలో ఇచ్చిన రాజీపత్రముకంటె మెత్తగా నుండును.

కలిసి సంతోషించు చోటు పోయినప్పుడే దాని విలువ తెలియును. 2019 జనవరి 30వ తేది రాత్రి నుమాయిష్ లో నిప్పంటుకొని అనేకమైన అంగళ్లు కాలినవి. అదృష్టవశమున ప్రాణములు పోలేదు గాని, దూరదేశములనుండి సరకు తెచ్చిన వర్తకులు చేతులు కాల్చుకొనిరి. కొద్ది దినములకే ప్రదర్శనము మరల తెరచిరి. జనులు మరల వచ్చిరి. కొనుటకు వచ్చినవారు కొందరు, కాలిపోయిన వర్తకులను పలుకరించుటకు వచ్చినవారు కొందరు. 2021లో కోవిడ్ వ్యాధివలన అసలు జరుగలేదు. 2022లో జనవరి మొదటి దినమున తెరచి, వ్యాధి హెచ్చుటచే వెంటనే మూసి, ఫిబ్రవరి 25న మరల తెరచిరి. ఆ రెండు సంవత్సరములలో వస్తువులకు లోటు రాలేదు. దుప్పట్లు, గాజులు, ఆటబొమ్మలు ఇంటి గడపకే వచ్చి పడినవి. అయినను నగరమునకు జనవరి నెల వచ్చినట్లు తోచలేదు.

ఇక ఆబిడ్స్ లో ఆదివారపు సంగతి చెప్పవలెను. గ్రంథాలయ సభలో అది చెప్పక ముగించుట న్యాయము కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిడ్ అను అర్మీనియా జాతీయుడు పెట్టిన అంగడివలన ఆ పేటకు ఆ పేరు వచ్చినది. వారమంతయు అది వర్తకుల పేట. ఆదివారమున పెద్ద అంగళ్లు మూసికొన్నప్పుడు వాని ముందటి కాలిబాటలమీద పాత పుస్తకములు పరచి అమ్ముదురు. వైద్యశాస్త్ర గ్రంథము ప్రక్కన అపరాధ పరిశోధన నవల, దాని ప్రక్కన అట్ట ఊడిన నిఘంటువు. అచ్చటికి ఒంటరిగా వచ్చువారే ఎక్కువ. కాని తండ్రీకూతుండ్రు, స్నేహితులు, కొత్తగా పెండ్లియైనవారు జంటగా వచ్చి, చెరియొక వైపునుండి వెదకుచు, దొరికినదానిని ఎత్తి ఒకరికొకరు చూపుకొనుచుందురు. ఒకరు కోరినది మరొకరికి దొరికినప్పుడు ఆ కేక వినదగినది. ధర బేరము పిమ్మటి మాట.

ఆబిడ్స్ నుండి నడచి పోదగిన దూరములోనే, సుల్తాన్ బజారులో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కలదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన రావిచెట్టు రంగారావు గారి ఇంటిలో అది పుట్టినది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు దాని స్థాపనకు పూనుకొన్న పెద్దలు. తెలుగు పుస్తకము నలుగురు కూడి చదువుకొనుటకు చోటు కావలెనని వారు కోరిరి. పుస్తకము ఎవరికి వారు కొని ఇంట దాచుకొనవచ్చును గదా అని వారనలేదు. ఆ పిమ్మట గ్రామములలో వెలసిన గ్రంథాలయములలో ఒకడు పత్రిక చదువగా పదిమంది వినెడివారు. చదువురానివాని ప్రశ్నయే ఆ చర్చలో అన్నిటికంటె పదునుగా నుండెడిది.

ఆ పద్ధతి ఇండ్లలోనికి తేవచ్చును. ఈ గ్రంథాలయమునుండి కథల పుస్తకము తీసికొనిపోయిన పిల్ల దానిని మూలకు కూర్చుండి ముగించి మరునాడు తిరిగి ఇచ్చివేయును. అట్లు గాక, రాత్రి భోజనములైన పిమ్మట దినమునకొక అధ్యాయము బిగ్గరగా చదివినచో ఏమగును? తండ్రి చుట్ట ఆర్పి దగ్గరకు జరుగును. తల్లి గిన్నెలు కడుగుట ఆపి, "ఏమన్నడు, మళ్ల చదువు" అనును. అక్షరము రాని నాయనమ్మ, కథలోని కోడలి పక్షము వహించి, అందరును ఆశ్చర్యపడునట్లు తన పెండ్లినాటి సంగతి ఒకటి చెప్పును. ఆ సంగతి నలుబది సంవత్సరములుగా ఆ ఇంటిలో ఎవ్వరును వినలేదు. మరునాడు పొద్దుగూకక ముందే అరుగుమీద చాప పరచి, పిల్ల బడినుండి వచ్చినదా అని ఆమె వీధివైపు చూచుచుండును.